నడుము విరిగిన మనిషికి బండి ఇస్తే చాలదు, కొలిచి ఇవ్వాలి

నరసాపురం చుట్టుపక్కల చెట్టెక్కి బతికేవారు రెండు రకాలు. కొబ్బరి దింపు తీసేవారు కొందరు, కల్లు గీసేవారు మరికొందరు. మోకు జారినా, పట్టుకున్న ఎండుమట్ట ఊడి చేతిలోకి వచ్చినా, వానకు నానిన మాను మీద కాలు నిలవకపోయినా మనిషి కింద పడతాడు. ప్రాణం దక్కినవారిలో కొందరికి వెన్నుపాము దెబ్బతింటుంది. ఆ దెబ్బ ఎక్కడ తగిలితే అక్కణ్ణుంచి కింది భాగం మనిషి మాట వినదు. కదలిక పోతుంది, స్పర్శ పోతుంది, మలమూత్రాల మీద అదుపు పోతుంది. ఇప్పుడు వీరికి మోటారు సైకిళ్ల మీంచి పడిన కుర్రవాళ్లు కూడా తోడవుతున్నారు.

పడిన మనిషిని చంకల కింద చేతులు వేసి లేపి, ఆటోలో కూర్చోబెట్టి తీసుకుపోవడం పల్లెల్లో పరిపాటి. వెన్నెముక విరిగి ఉంటే, లోపల మిగిలిన కాస్త నరాన్నీ ఆ లేపడమే తెంపవచ్చు. కదలకుండా తలుపు చెక్క మీదో, బల్ల మీదో పడుకోబెట్టి 108కి కబురు చేయాలి. ఈ మాట ఇంకా అన్ని ఊళ్లకూ చేరలేదు. అది వేరే సంగతి. ఇక్కడి ప్రస్తావన ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చిన తర్వాతి బతుకు గురించి.

ఒకప్పుడు అలాంటి మనిషికి అరుగు మీద మంచమే లోకం. ఇప్పుడు రెండు పక్కలా చిన్న చక్రాలు బిగించిన స్కూటర్లు వచ్చాయి. ప్రభుత్వం కొందరికి ఉచితంగా ఇస్తున్నది. 2025లో రాష్ట్రంలోని 175 నియోజకవర్గాలకు పదేసి చొప్పున 1,750 బళ్లు నూరు శాతం రాయితీతో ఇవ్వాలని నిర్ణయించారు. మంచి పనే. కాదనేవారెవరూ లేరు. అయితే ఆ బండి ఎవరి ఒంటికి సరిపోయేటట్టు తయారవుతున్నది అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయడం లేదు.

పోలియో బండి వేరు

పక్క చక్రాల స్కూటరు పోలియో వచ్చినవారికి బాగా అచ్చివచ్చిన బండి. పోలియో వచ్చిన మనిషికి కాళ్లు సన్నబడతాయి గాని స్పర్శ ఉంటుంది. చాలామందికి నడుము, వీపు గట్టిగానే ఉంటాయి. మూత్రం వచ్చేది తెలుస్తుంది. అలాంటి మనిషికి బండి పక్కకు పడిపోకుండా రెండు చక్రాలు చేర్చితే చాలావరకు పని అయిపోయినట్టే. 2001లో హోండా యాక్టివా వచ్చాక ఈ పని మరీ సులువయింది. పాత స్కూటర్లలో వెనక బ్రేకు కాలి కింద ఉండేది. గేర్లు లేని ఈ కొత్తరకం బండిలో రెండు బ్రేకులూ చేతికే వచ్చాయి.

కాని దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదయింది. 2014 మార్చిలో ఇది పోలియో లేని ప్రాంతమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అంటే ఇకమీదట ఈ బండి కోసం దరఖాస్తు పెట్టే కుర్రవాళ్లలో పోలియోవారు తగ్గిపోతారు. చెట్టు మీంచి, బండి మీంచి, కడుతున్న మేడ మీంచి పడినవారి పాలు పెరుగుతుంది. మనుషులు మారుతున్నారు, బండి మాత్రం మారలేదు.

వెన్నుపాము దెబ్బతిన్న మనిషికి ఈ బండితో వచ్చే ఇబ్బందులు చూసేవారికి కనపడవు. మొదటిది సైలెన్సరు. కాలు జారి దానికి ఆనుకుంటే మామూలు మనిషి చటుక్కున లాక్కుంటాడు. స్పర్శ లేనివాడికి కాలినట్టే తెలియదు. ఇంటికొచ్చి పంచె విప్పినప్పుడు గాని బొబ్బ కనపడదు. ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది.

రెండోది సీటు. వెన్నుపాము దెబ్బతిన్నవారికి ప్రాణాంతకమైనవి పడక పుండ్లు. ఒకేచోట ఒత్తిడి పడితే చర్మానికి రక్తం అందదు, లోపల కండ కుళ్లుతుంది. అందుకే పావుగంటకో, ఇరవై నిమిషాలకో చేతుల మీద ఒంటిని కాస్త పైకి లేపాలని డాక్టర్లు చెబుతారు. స్కూటరు సీటు మీద గంటసేపు కదలకుండా కూర్చుంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. కొందరు సైకిలు ట్యూబులో గాలి కొట్టి, గుండ్రంగా చుట్టి దాని మీద కూర్చుంటారు. అది మేలు చేయకపోగా, చుట్టూ ఒత్తిడి పెంచి మధ్య భాగానికి రక్తం అందకుండా చేస్తుంది. కావలసింది మంచి దిండు. దాని మందం మనిషి బరువును బట్టి మారాలి.

మూడోది మలుపు. రెండు చక్రాల బండి మలుపులో లోపలికి ఒరుగుతుంది, మనిషీ దానితో ఒరుగుతాడు. పక్క చక్రాలు బిగించిన బండి ఒరగదు. అది మనిషిని మలుపు బయటి వైపుకు తోస్తుంది. పోలియో మనిషి నడుం బిగించి ఆపుకుంటాడు. ఛాతీ దగ్గర వెన్ను విరిగిన మనిషికి పొట్ట కండరాలూ, వీపు కండరాలూ పనిచేయవు. అతను ఆపుకునేది హ్యాండిలు పట్టుకునే. హ్యాండిలు పట్టుకుని వేలాడితే బండి ఎటు పోతుంది? కాలవ గట్టు మలుపుల్లో ఇది చిన్న ప్రశ్న కాదు.

ఇవి కాక, కాళ్లు వాటంతటవే బిగుసుకుని ఎగిరిపడటం చాలామందికి ఉంటుంది. గతుకులో చక్రం పడగానే కాలు ఎగిరి పలక మీంచి కిందికి జారుతుంది. నేల మీద ఈడ్చుకుపోతున్నా మనిషికి తెలియదు. దెబ్బ మరీ పైన తగిలినవారికి కింది భాగం చెమట పట్టదు, ఒళ్లు చల్లబడదు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం బండి మీద పోవడం వారికి ప్రమాదం. తల తడుపుకోవడానికి ఒక నీళ్ల సీసా బండికే తగిలించి ఉండాలి.

పందెంగాళ్లు చూపిన దారి

ఈ చిక్కులకు పరిష్కారం లేదనుకోవడం పొరపాటు. విచిత్రమేమంటే, ఆ పరిష్కారాలు ముందుగా పక్కాగా వెతికినవారిలో మోటారు పందేలవారున్నారు. వేగంగా పోయే బండి మీద నడుం పనిచేయని మనిషిని నిలబెట్టాలంటే చిన్న సంగతి కూడా వదలడానికి వీలులేదు.

స్విట్జర్లాండుకు చెందిన క్లే రెగజోని పేరున్న ఫార్ములా వన్ డ్రైవరు. 1980లో అమెరికాలోని లాంగ్ బీచ్ పందెంలో ప్రమాదం జరిగి నడుము కింద చచ్చుబడింది. తర్వాత చేతి మీటలతో నడిచే బళ్లు చేయించుకుని ఎడారి పందేలకు దిగాడు. అమెరికా మోటారు సైకిలు వీరుడు వేన్ రెయినీ 1990, 1991, 1992 సంవత్సరాల్లో వరసగా మూడుసార్లు ప్రపంచ విజేత. 1993 సెప్టెంబరులో ఇటలీలోని మిసానోలో పడి వెన్ను విరిగింది. దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత, 2022లో, ఇంగ్లాండులోని గుడ్‌వుడ్‌లో తన పాత యమహా బండినే మళ్లీ నడిపాడు. కాలితో వేసే గేరును చేతికి తెచ్చారు. రెండు చక్రాల బండి ఆగితే నిలబెట్టలేడు కనుక, కదిలేటప్పుడూ ఆగేటప్పుడూ పక్కన మనుషులు పట్టుకున్నారు.

ఇంగ్లాండులోనే టాలన్ స్కీల్స్ పిగ్గిన్స్ అనే ఆయన 2003లో రోడ్డు ప్రమాదంలో నడుము పోగొట్టుకుని, తిరిగి మోటారు సైకిలు నేర్చుకుని, తనలాంటివారికి నేర్పడానికి ఏకంగా ఒక సంస్థ పెట్టాడు. అక్కడి పద్ధతి గమనించదగ్గది. పాదాలను పలకకు పట్టి ఉంచే ఏర్పాటు, మోకాళ్లు విడిపోకుండా ఒక పట్టీ, గేరు మార్చడానికి బొటనవేలికి అందే బొత్తాం. ఖర్చయ్యే వస్తువులు కొన్ని ఉన్నా, పట్టీలు మాత్రం దర్జీ కుట్టగలిగినవే.

మన దేశంలోనూ ఉన్నారు. సైనిక శిక్షణలో ఉండగా 1995లో మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్న నవీన్ గులియా, చేతులతో నడిచేలా మార్చిన టాటా సఫారీలో 2004లో ఢిల్లీ నుంచి లడాఖ్‌లోని మార్సిమిక్ లా కనుమ దాకా 55 గంటల్లో చేరాడు. హర్యానాకు చెందిన దీపా మాలిక్‌కు వెన్నులో కణితి మూలంగా ఛాతీ కింద స్పర్శ పోయింది. 2016 రియో పారాలింపిక్స్ షాట్‌పుట్‌లో వెండి పతకం తెచ్చింది ఆమే. అంతకు ముందే 2009లో రెయిడ్ డి హిమాలయా, 2010లో డెజర్ట్ స్టార్మ్ ర్యాలీల్లో పాల్గొన్నారు. నాలుగు చక్రాల బైకును తనకు తగ్గట్టు మార్పించుకున్నారు. ఆమె ర్యాలీ లైసెన్సు కోసం కార్యాలయాల చుట్టూ తిరిగిన తిరుగుడు, కొండలెక్కడం కంటే తక్కువేమీ కాదు.

డబ్బున్నవారి ఆటలు మనకెందుకని కొట్టిపారేయవచ్చు. వారి డబ్బు మనకు రాదు, నిజమే. వారి పద్ధతికి మాత్రం డబ్బుతో పనిలేదు. ముందు మనిషిని కూర్చోబెట్టి చూస్తారు. వెన్ను ఎక్కడ విరిగింది, ఎంతవరకు నిటారుగా కూర్చోగలడు, చెయ్యి ఎంత దూరం అందుతుంది, పిడికిలి బిగుస్తుందా లేదా, కాళ్లు ఎగురుతాయా లేదా. బండి మీద చెయ్యి వేసేది ఆ తర్వాతే. ఇక్కడ బండి ముందు వస్తుంది. మనిషిని తెచ్చి దాని మీద కూర్చోబెట్టి ఫొటో తీస్తారు.

వెల్డింగ్ షాపులో అయ్యే పని

నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు వైపు వెల్డింగ్ షాపులకు, లేతు మిషను పనివారికి కొదవలేదు. పడవ ఇంజన్లు, రొయ్యల చెరువుల ఏరేటర్లు బాగుచేసే చేతులకు ఈ పని కష్టమేమీ కాదు. వీపుకు ఆనుకునేందుకు ఇనుప గొట్టంతో చట్రం, రెండు పక్కలా నడుముకు అడ్డుగా మెత్తటి పలకలు. నడుముకు ఒక వెడల్పు పట్టీ, ఒక్క లాగుతో ఊడివచ్చేది. కాళ్లు పెట్టే చోట రెండంగుళాల ఎత్తు అంచు, పాదాలకు పట్టీలు. సైలెన్సరు మీద రేకు, రేకుకీ సైలెన్సరుకీ మధ్య గాలి ఆడే సందు. బ్రేకు లాగి పట్టి ఉంచే తాళం. మనిషి పక్కనుంచి సీటు మీదికి జరగడానికి, కుర్చీ ఎత్తుకు సమానంగా ఒక చెక్క.

వెనక్కి నడవడం ఇంకో చిక్కు. మామూలు స్కూటరును కాళ్లతో వెనక్కి తోసుకుంటాం. కాళ్లు లేనివాడు గోడ ముందు బండి ఆపితే ఎవరైనా వచ్చి లాగేదాకా అక్కడే ఉండాలి. బ్యాటరీ స్కూటర్లలో కొన్నిటికి వెనక్కి నడిచే ఏర్పాటు కంపెనీ నుంచే వస్తున్నది. వాటికి కాలే సైలెన్సరు కూడా లేదు. పెట్రోలు బండికి బదులు అలాంటివి ఇవ్వడం గురించి అధికారులు ఆలోచించవలసి ఉంది. కరెంటు పోవడం, వరదలు అన్నవి ఉన్నా, కాలిన కాలు కన్నా అవి నయం.

అన్నిటికంటె ముఖ్యమైనది, అందరూ మరిచేది, చక్రాల కుర్చీ. మనిషి స్కూటరు మీద నరసాపురం వచ్చాడనుకుందాం. ఆస్పత్రి ముందు ఆగాడు. కుర్చీ ఇంట్లో ఉండిపోయింది. ఇక దిగేదెలా? బ్యాంకు ముందు, మండల కార్యాలయం ముందు, కొట్టు ముందు కూడా ఇదే కథ. బండి మీదే కూర్చుని లోపలికి కబురు పంపాలి. మడత కుర్చీ తగిలించుకునే కొక్కేలు బండి వెనక లేకపోతే ఆ బండి ఊరు చూపిస్తుంది గాని పని చేసిపెట్టదు. మద్రాసు ఐఐటీవారు ఈ చిక్కుకు వేరే దారి కనిపెట్టారు. 2021లో వారు విడుదల చేసిన నియోబోల్ట్, చక్రాల కుర్చీకే ముందు తగిలించే మోటారు చక్రం. గంటకు 25 కిలోమీటర్ల దాకా పోతుంది. చేరాక మోటారు ఊడదీస్తే మళ్లీ కుర్చీయే. దానికి జతగా ఇచ్చే కుర్చీని మనిషి కొలతలు తీసుకుని తయారుచేస్తారు. ఊళ్లో పనికి అది మేలు. పది పదిహేను మైళ్లు పోయేవారికి స్కూటరే కావాలి.

పంటు దగ్గర

ఇక్కడి నేల కూడా చూడాలి. మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి దాటేవారిని చూసినవారికి ఈ సంగతి తెలుసు. నీరు తగ్గినప్పుడు పంటుకూ ఒడ్డుకూ మధ్య పలక ఏటవాలుగా నిలుస్తుంది. మామూలువారు కాళ్లు ఆనించి బండి నడిపిస్తారు. పక్క చక్రాల బండికి రెండు వైపులా పలక సరిపోవాలి, పైకెక్కాక అది జారకుండా నిలవాలి. బ్రేకు తాళం లేని బండిని పంటు మీద గోదావరి మధ్యలో చేతితో పట్టుకుని కూర్చోవలసిందే. లేదంటే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి పోవాలి.

పల్లె రోడ్లు మరో రకం. పక్క చక్రాల వల్ల బండి వెడల్పవుతుంది. ఎదురుగా రొయ్యల లారీ వస్తే దిగవలసింది ఇతనే. తారు అంచుకూ మట్టికీ మధ్య జానెడు లోతు ఉన్నచోట పక్క చక్రం దిగితే బండి తిరగబడుతుంది. రోడ్డు వేసిన తర్వాత అంచుల్లో గ్రావెలు పోసి సమం చేయాలన్నది కాంట్రాక్టు కాగితాల్లో ఉండే పనే. ఆ పని జరిగేలా చూస్తే అందరికీ మంచిది.

చట్టం ఉంది, భయమూ ఉంది

బండిని మార్చితే పోలీసులు పట్టుకుంటారన్న భయం మెకానిక్కులకు ఉంది. మోటారు వాహనాల చట్టం 1988 నాటిది. అందులో వికలాంగుల బండిని రోగి బండి అన్నట్టు పేర్కొనేవారు. 2019 సవరణలో ఆ మాట తీసేసి, అనువుగా మార్చిన వాహనం అన్న అర్థం వచ్చే మాట పెట్టారు. 52వ సెక్షను ప్రకారం వికలాంగుడు తన బండిని తనకు తగ్గట్టు మార్పించుకుని, ఆ తర్వాత రిజిస్ట్రేషను అధికారి ఆమోదం పొందవచ్చు. కనుక పని చేయడం నేరం కాదు. చేసిన తర్వాత చూపించి కాగితంలో ఎక్కించుకోకపోవడమే తప్పవుతుంది. అలా ఎక్కించకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర పేచీ వస్తుంది.

లైసెన్సు దగ్గర ఇంకో ముడి ఉంది. ప్రభుత్వ బండికి దరఖాస్తు చేయాలంటే లైసెన్సు అడుగుతారు. లైసెన్సు పరీక్షకు అనువుగా మార్చిన బండి మీదే రావాలి. బండి లేనివాడు ఏ బండి మీద పరీక్ష ఇస్తాడు? డబ్బున్నవాడు ముందే కొనుక్కుంటాడు, అతనికి ఉచిత బండితో పని లేదు. రవాణా శాఖవారు జిల్లాకు ఒకటి రెండు ఇలాంటి బళ్లు నేర్చుకునేందుకు, పరీక్షకు ఉంచితే ఈ ముడి విడిపోతుంది. వయసు 45 దాటకూడదన్న నిబంధన కూడా ఆలోచించదగ్గదే. నలభై ఏడో ఏట చెట్టు మీంచి పడినవాడు ఏ తప్పు చేశాడు? గీత పనిలో, దింపు పనిలో ఆ వయసువారు ఎందరో ఉన్నారు. కొబ్బరి అభివృద్ధి మండలివారి కేర సురక్ష బీమా ఉన్నా, అందులో చేరినవారికే కదా అది అందేది.

పైకి చెప్పుకోని భయం మరొకటి. 2024 జులై నుంచి రాష్ట్రంలో వికలాంగుల పింఛను 6,000 రూపాయలు. మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. 2025లో ధ్రువపత్రాలు తిరిగి పరిశీలించినప్పుడు నోటీసులు అందుకున్నవారు ఆందోళన చెందారు. బండి ఎక్కి వీధిలో తిరిగితే, వీడికి బాగానే ఉందని ఎవరో అర్జీ పెడతారేమో, పెద్ద పింఛను పోతుందేమో అన్న జంకు ఇప్పుడు ఇళ్లలో ఉంది. బండి నడిపినంత మాత్రాన విరిగిన వెన్ను అతుక్కోదు. మనిషి సంపాదించుకునేందుకు బయటికి వస్తే, ఆ వచ్చినందుకే పింఛను పోతుందని భయపడవలసి రావడం అన్యాయం. బండి నడపడానికీ వైకల్య శాతానికీ సంబంధం లేదని జిల్లా అధికారులు రాతపూర్వకంగా ప్రకటించాలి. నోటిమాట చాలదు.

రాయవేలూరు ఆస్పత్రిలో డాక్టర్ మేరీ వర్గీస్ అని ఒకరుండేవారు. 1954లో కారు ప్రమాదంలో ఆమెకే నడుము పోయింది. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. ఆమె పూనికతో 1966లో అక్కడ వెన్ను విరిగినవారికి తిరిగి బతుకు నేర్పే కేంద్రం వెలిసింది. ఇక్కడినుంచి అంత దూరం పోగలవారు కొందరే. బండ్ల పంపిణీ రోజునైనా భీమవరానికి ఒక ఫిజియోథెరపిస్టును, ఒక మెకానిక్కును పిలిపించి, ఒక్కో మనిషికి అరగంట కేటాయించడం జిల్లా యంత్రాంగానికి పెద్ద పని కాదు. మోచేతి ఎత్తు, తొడ పొడవు, వీపు ఆనవలసిన చోటు రాసుకుని, ఆ కాగితం బండి బిగించేవారికి ఇవ్వాలి. బండి ఇచ్చిన నెలకు మళ్లీ పిలిచి పిరుదుల మీద, మడమల మీద ఎర్రబడిందేమో చూడాలి. ఎర్రబడితే దిండు మార్చాలి, పట్టీ సడలించాలి. తర్వాతి విడత అర్హుల జాబితా తయారయ్యేలోగా ఈ రెండు తేదీలూ నిర్ణయించి గ్రామ సచివాలయాల్లో నోటీసు అంటించాలని కోరవలసి ఉంది.